బోర్డు ‘సర్వీసుకు సంబంధం లేదు’ అని రాసినా డిసేబిలిటీ పెన్షన్‌కు దారి ఉంది

మీరు రాసిన సంగతులు ముందు ఒకచోట పెడతాను, మిగతావాళ్ళకూ పనికొస్తాయి. నాన్నగారు ఈఎంఈలో (సైన్యంలో యంత్రాలు, వాహనాలు బాగుచేసే విభాగం) 24 ఏళ్ళు చేసి 2017లో హవల్దారుగా పెన్షన్ మీద వచ్చేశారు. సర్వీసు వదిలేటప్పుడు పరీక్ష చేసే రిలీజ్ మెడికల్ బోర్డులో వైకల్యం బీపీకి 30 శాతం, షుగరుకు 20 శాతం, రెండూ కలిపి 40 శాతం, జీవితాంతం అని వేశారు. పక్క గడిలో మాత్రం ‘సర్వీసు వల్ల వచ్చిందీ కాదు, సర్వీసు వల్ల పెరిగిందీ కాదు’ అని రాసేశారు. ఆ ఏడే డిసేబిలిటీ పెన్షన్ క్లెయిం తిరస్కరిస్తూ ఉత్తరం వచ్చింది. నాన్నగారు దాన్ని ట్రంకుపెట్టెలో పడేసి ఊరుకున్నారు. ఇప్పుడు ఆయన గిద్దలూరు వైపు సొంతూళ్ళో, మీరు ఇక్కడ పట్టాభిరాంలో. ఇన్నేళ్ళయ్యాక అప్పీలు చేస్తే వింటారా, బీపీ షుగర్లకు కూడా ఇస్తారా, నేరుగా మద్రాసు హైకోర్టుకు వెళ్ళమంటున్నారు వెళ్ళాలా అన్నవి మీ ప్రశ్నలు.

వింటారు. ఇస్తున్నారు. హైకోర్టుకు ఇప్పుడే వద్దు.

నేను వకీలును కాను. రికార్డాఫీసులో క్లర్కు ట్రేడులో చేసి సుబేదారుగా దిగినవాణ్ణి. ఆవడిలో స్థిరపడ్డాక మనవాళ్ళకు ఈ అప్పీళ్ళ కాగితాలు రాసిపెడుతుంటాను. ఈసీహెచ్‌ఎస్‌లో (మాజీ సైనికుల వైద్య పథకం) మందుల లైనులో నిలబడితే చాలు, ఇలాంటి కేసు ఒకటి ఎదురవుతుంది. అందరూ మొదలుపెట్టేది జబ్బుతోనే. ఎంత బాధపడ్డారో, రోజుకు ఎన్ని మాత్రలు మింగుతున్నారో, లేహ్‌లో చలి ఎలా ఉండేదో చెప్తారు. అవన్నీ నిజమే గానీ అప్పీలు తేలేది వాటి మీద కాదు. సైన్యంలో చేరిన రోజు డాక్టరు ఏం రాశాడు, వెళ్ళిపోయే రోజు బోర్డు ఏ కారణం రాసింది అన్న రెండు కాగితాల మీద తేలుతుంది. తీర్పులు వరసగా చదివితే ఇది మీకే కనిపిస్తుంది. సైనికుల సర్వీసు, పెన్షన్ కేసులు వినే ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్ వెబ్‌సైటులో ఆర్డర్లు ఉంటాయి, నాలుగు దించుకుని చూడండి. మొదట సర్వీసు వివరాలు, తర్వాత చిన్న పట్టికలో జబ్బు పేరు, ఎప్పుడు ఎక్కడ మొదలైంది, ఎంత శాతం, బోర్డు చెప్పిన కారణం. ఆ తర్వాత ధరమ్‌వీర్ సింగ్ తీర్పు నుంచి ఒకటిన్నర పేజీ. ఆఖర్న ఆర్డరు. చాలావాటిలో పేర్లు, ఆ పట్టికే మారతాయి, మిగతాదంతా అదే పాఠం.

ఆ ధరమ్‌వీర్ సింగ్ కేసేమిటో తెలుసుకుంటే మిగతాది సులువు. ఆయన సిగ్నల్స్ జవాను, 1985లో చేరాడు. తొమ్మిదేళ్ళ సర్వీసు తర్వాత ఫిట్స్ అని 20 శాతం వేసి ఇంటికి పంపారు. పుట్టుకతో వచ్చే లక్షణం, సర్వీసుకు సంబంధం లేదన్నారు. 2013 జులై 2న సుప్రీంకోర్టు ఆయన పక్షాన తీర్పు చెప్పింది. చేరేటప్పుడు ఒళ్ళంతా పరీక్ష చేసి తీసుకున్నారు, జబ్బు ఉన్నట్టు ఎక్కడా రాయలేదు కాబట్టి ఆ రోజు ఆరోగ్యంగా ఉన్నట్టే లెక్క. తర్వాత వచ్చిన జబ్బు సర్వీసుకు సంబంధించింది కాదని నిరూపించాల్సింది ప్రభుత్వం. సందేహం ఉంటే ఆ లాభం సైనికుడికి. చేరేటప్పుడు పరీక్షలో ఆ జబ్బు దొరికే అవకాశం లేదని బోర్డు అనుకుంటే అందుకు కారణాలు రాయాలి. ఆ కేసులో బోర్డు కారణమే రాయలేదు. 2014లో సుఖ్‌విందర్ సింగ్, 2015 ఫిబ్రవరిలో రాజ్‌బీర్ సింగ్ తీర్పులు ఇదే దారిలో వచ్చాయి.

ఇక్కడ ప్రభుత్వ వకీలు ఒక మాట అంటాడు, ముందే తెలిసి ఉండటం మంచిది. ధరమ్‌వీర్ సింగ్ 1982 నాటి పెన్షన్ అర్హత నిబంధనల కేసు, మీ నాన్నగారు 2017లో దిగారు కాబట్టి 2008 నిబంధనలు వర్తిస్తాయి, వాటిలో ‘చేరినప్పుడు లేని జబ్బు సర్వీసు వల్లే’ అన్న ఊహ లేదు అంటాడు. కొంత నిజమే. సర్వీసులో ఉండగా బయటపడినంత మాత్రాన సర్వీసు వల్లే అనుకోనక్కర్లేదని 2008 నిబంధనల్లో ఉంది. అయితే వాటిలోనే 7వ రూలు కూడా ఉంది. మామూలుగా క్లెయిం చేసినవాణ్ణి రుజువు చేయమని అడగరు. సర్వీసు వదిలిన 15 ఏళ్ళ తర్వాత క్లెయిం పెడితేనే ఆ భారం అతని మీద పడుతుంది. మీకు 2032 దాకా ఆ బాధ లేదు. 2008 తర్వాత దిగినవాళ్ళ కేసుల్లోనూ బెంచిలు ధరమ్‌వీర్ సింగ్ సూత్రాన్ని వాడుతూనే ఉన్నాయి.

ఇక అసలు కాగితం. రిలీజ్ బోర్డు ప్రొసీడింగ్స్ ఏఎఫ్ఎంఎస్ఎఫ్-16 ఫారం మీద ఉంటాయి. మొదటి పేజీల్లో పోస్టింగుల పట్టిక ఉంటుంది, ఎప్పటినుంచి ఎప్పటిదాకా, ఎక్కడ, ఫీల్డా (సరిహద్దు, ఆపరేషన్ల ప్రాంతం) పీసా (మామూలు కంటోన్మెంటు) అని. తర్వాత నాన్నగారి సొంత వాంగ్మూలం. చేరకముందు ఈ జబ్బు ఉందా అంటే లేదు అని ఉండాలి. ఆఖర్న బోర్డు అభిప్రాయం. సర్వీసు వల్ల వచ్చిందా, సర్వీసు వల్ల పెరిగిందా, సంబంధం లేదా అని గడులు, వాటి పక్కన కారణం రాయడానికి చోటు. ఆ చోట్లో ఏముందో అక్షరం అక్షరం చదవండి. బీపీకైతే సాధారణంగా రాసేది ఇలా ఉంటుంది: పీస్ స్టేషన్‌లో మొదలైంది, ఫీల్డ్, హై ఆల్టిట్యూడ్, కౌంటర్ ఇన్సర్జెన్సీ (మిలిటెంట్లను ఎదుర్కొనే) డ్యూటీతో దగ్గరి కాల సంబంధం లేదు, మెడికల్ ఆఫీసర్ల గైడ్ పేరా 43 ప్రకారం సంబంధం లేదు. షుగరుకు ఇదే మాట, పేరా 26. కొన్నిట్లో ‘లైఫ్‌స్టైల్ జబ్బు’ అని రెండు ముక్కలే. ఆ రెండు ముక్కలు దొరికితే మీకు పండగే. అది కారణం కాదు, అభిప్రాయం. పీస్ స్టేషన్‌లోనూ సైనిక జీవితపు ఒత్తిడి ఉంటుందని, ‘పీస్’ అన్న ఒక్క మాటతో తోసిపుచ్చడం చెల్లదని ట్రిబ్యునల్ ఆర్డర్లు చాలా ఉన్నాయి.

మొదలైన చోటు గురించి ఇంకొంచెం చెప్పాలి. బీపీ మొదట 2009లో బయటపడిందన్నారు, ఎక్కడో రాయలేదు. అప్పట్లో జబ్బు వల్ల తొలిసారి లో మెడికల్ కేటగిరీ (తక్కువ ఆరోగ్య శ్రేణి) చేసినప్పుడు ఏఎఫ్ఎంఎస్ఎఫ్-15 ఒకటి తయారై ఉంటుంది. దాంట్లో ‘మొదలైన తేదీ, స్థలం’ చూడండి. కంభం వైపు నాయక్ ఒకాయన కాగితాలు నా దగ్గరికి వచ్చాయి. రిలీజ్ బోర్డులో ‘ఆన్‌సెట్: సికింద్రాబాద్’ అని టైపు చేసి ఉంది. ఏళ్ళ కిందటి ఏఎఫ్ఎంఎస్ఎఫ్-15లో అదే గడిలో చేత్తో ‘రాజౌరి’ అని ఉంది. రాజౌరి యూనిట్లో ఉండగా తలనొప్పి, కళ్ళు తిరగడంతో ఫీల్డ్ ఆసుపత్రిలో చేర్చారు. ఆ తర్వాత సికింద్రాబాద్‌కు పోస్టింగు వస్తే అక్కడి ఆసుపత్రిలో కేటగిరీ ఖాయం చేశారు. రిలీజ్ బోర్డు క్లర్కు ఖాయం చేసిన చోటునే మొదలైన చోటుగా ఎక్కించేశాడు, డాక్టర్లు సంతకాలు పెట్టేశారు. ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి అప్పీలులో ఒక పేరా రాస్తే చాలు, పేరా 43 ఆయనకు వ్యతిరేకంగా ఉండటం పోయి ఆయన పక్షాన నిలబడింది. ఎందుకంటే ఆ పేరా ప్రకారమే ఫీల్డులో, కౌంటర్ ఇన్సర్జెన్సీ ఏరియాలో మొదలైన బీపీని సర్వీసు వల్ల పెరిగినట్టు ఒప్పుకోవాలి.

మీకు ఎదురు తిరగగలిగేది బరువు గడి. కేటగిరీ చేసిన ప్రతిసారీ ఉండాల్సిన బరువు, ఉన్న బరువు రాస్తారు. ఉండాల్సినదానికన్నా బాగా ఎక్కువుండి, తగ్గించమని సలహా రాసి, ఆయన తగ్గించుకోకపోతే దాన్ని పట్టుకుంటారు. మందు, సిగరెట్టు అలవాట్ల గడి కూడా అంతే. ఉంటే దాచకండి, వకీలుకు ముందే చెప్పండి.

డబ్బు లెక్క చూస్తే వాదన ఎలా నడపాలో తెలుస్తుంది. డిసేబిలిటీ ఎలిమెంట్ (మామూలు పెన్షన్ పైన వైకల్యానికి ఇచ్చే భాగం) 100 శాతం వైకల్యానికి ఆఖరి నెల ఎమాల్యుమెంట్స్‌లో (పెన్షన్‌కు లెక్కించే జీతంలో) 30 శాతం. అంతకన్నా తక్కువైతే ఆ నిష్పత్తిలో తగ్గుతుంది. కానీ మొదట రౌండింగ్ చేస్తారు. 50 లోపు ఉన్నదాన్ని 50గా, 50 నుంచి 75 దాకా ఉన్నదాన్ని 75గా, ఆ పైన 100గా లెక్కిస్తారు. ఇది జబ్బుతో మధ్యలో పంపేసినవాళ్ళకే అని ప్రభుత్వం చాలాకాలం పట్టుబట్టింది. 2014 డిసెంబరు 10న రామ్ అవతార్ కేసులో, సర్వీసు పూర్తిచేసి దిగినవాళ్ళకూ ఇవ్వాల్సిందేనని సుప్రీంకోర్టు తేల్చింది. నాన్నగారి ఆఖరి ఎమాల్యుమెంట్స్ 40,000 అనుకోండి, లెక్క కోసం. నూరు శాతానికి 12,000. రౌండింగ్ అయ్యాక 50 శాతానికి 6,000, దానిమీద డీఆర్ (కరువు భత్యం) అదనం. ఇప్పుడు చూడండి: రెండు జబ్బులూ కలిపి 40 శాతం గెలిచినా 50 అవుతుంది. బీపీ ఒక్కటే 30 గెలిచినా 50 అవుతుంది. షుగర్ ఒక్కటే 20 గెలిచినా అంతే. కాబట్టి అప్పీలులో బలమంతా ఆధారం గట్టిగా ఉన్న జబ్బు మీద పెట్టండి. రెండోది ‘అది కాకపోతే ఇది’ అన్నట్టు ఉంచండి. 2014లో సికింద్రాబాదులో వచ్చిన షుగరు గురించి పదిపేజీలు రాసి, 2009 నాటి బీపీని రెండు లైన్లలో తేల్చేసిన అప్పీళ్ళు చూశాను. చదివేవాళ్ళకు విసుగొస్తుంది, ప్రయోజనం సున్నా.

20 కన్నా తక్కువ ఉన్నవాళ్ళకు ఈ దారి లేదు. సర్వీసు పూర్తిచేసి దిగినవాళ్ళ విషయంలో 20 శాతం గీత అందుకోకపోతే డిసేబిలిటీ ఎలిమెంటూ రాదు, రౌండింగూ రాదని 2019 డిసెంబరులో ఎస్.పి. రాథోడ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పేసింది. జబ్బు కారణంగా మధ్యలో పంపేసిన వాళ్ళ సంగతి వేరు, సుఖ్‌విందర్ సింగ్ తీర్పు వాళ్ళకు అండ.

ఆలస్యం మాటకొస్తే 2008 నాటి తర్సేమ్ సింగ్ తీర్పు మీకు కావాలి. పెన్షన్ నెలనెలా రావాల్సింది కాబట్టి ఇవ్వని ప్రతి నెలా కొత్త తప్పే, అందుకని ఏళ్ళు గడిచాయని కేసు కొట్టెయ్యరు. కానీ బకాయిలు కేసు వేసిన తేదీకి వెనక మూడేళ్ళకే ఇస్తారు. 2017 నుంచి లెక్కేసుకుని కూర్చోవద్దు, అందులో చాలా భాగం ఎలాగూ పోయింది. ఇప్పుడు ఆగే ప్రతి నెలకూ ఇంకో నెల రాలిపోతుంది. ఇంకో సంగతి, చెప్పడానికి ఇబ్బందిగానే ఉంది: ఈ ఎలిమెంట్ నాన్నగారు ఉన్నన్నాళ్ళే. ఆయన తర్వాత బకాయిల కోసం వారసులు కొట్లాడవచ్చు గానీ, నెలనెలా వచ్చేది ఆగిపోతుంది.

ఇప్పుడు వరస. ముందు సికింద్రాబాద్ ఈఎంఈ రికార్డ్స్‌కు నాన్నగారి పేరుతో సమాచార హక్కు దరఖాస్తు, 10 రూపాయల పోస్టల్ ఆర్డరుతో. చేరినప్పటి మెడికల్, ఏఎఫ్ఎంఎస్ఎఫ్-15లు అన్నీ, ఏఎఫ్ఎంఎస్ఎఫ్-16, తిరస్కరణ ఉత్తరం, పోస్టింగుల వివరాలు అడగండి. ‘నా మెడికల్ కాగితాలన్నీ’ అని గుండుగుత్తగా అడిగితే ఆఖరి బోర్డు ఒక్కటే పంపి చేతులు దులుపుకుంటారు, విడివిడిగా పేర్లు రాయండి. 30 రోజుల్లో రాకపోతే సమాచార హక్కులోనే మొదటి అప్పీలు ఉంది. ట్రంకుపెట్టె కూడా వెతకండి. డిశ్చార్జ్ బుక్కు, పాత ఆసుపత్రి డిశ్చార్జ్ స్లిప్పులు మనవాళ్ళు పారెయ్యరు.

కాగితాలు వచ్చాక మొదటి అప్పీలు. తిరస్కరించిన ఆరు నెలల్లో చేయాలని ఉత్తరంలోనే ఉంటుంది, అది ఎప్పుడో దాటింది. అయినా చేయండి, ఆలస్యానికి కారణం ఒక పేరాలో నిజాయితీగా రాసి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. గడువు దాటిందని తిప్పి పంపినా మంచిదే, ఆరు నెలలు పలక్కపోయినా మంచిదే. ఎందుకంటే 2007 నాటి ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్ చట్టం 21వ సెక్షన్ ప్రకారం, డిపార్టుమెంటులో ఉన్న దారులు ముందు తొక్కి ఉండాలి. అప్పీలు పెట్టి ఆరు నెలలు జవాబు లేకపోతే తొక్కినట్టే లెక్క. మొదటి అప్పీలు కొట్టేస్తే రెండో అప్పీలు కమిటీ ఉంది. అక్కడ కథ మారడం నేను పెద్దగా చూడలేదు. పై కమిటీ కూడా అదే బోర్డు లైనును ఇంకొంచెం మంచి ఇంగ్లీషులో రాస్తుంది. అయినా ఆ ఉత్తరం మనకు పనికొస్తుంది. బోర్డు రాయని కొత్త కారణాన్ని అప్పీలు కమిటీ చేరిస్తే, అసలు పరీక్ష చేసినవాళ్ళు చెప్పని మాట మీరెలా చెప్పారని అడగొచ్చు. రోగిని చూడకుండా కాగితం మీద బోర్డు అభిప్రాయాన్ని పెన్షన్ ఆఫీసు మార్చకూడదని 1993లోనే సాపర్ మొహిందర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అంది. ఆ కేసు శాతం తగ్గించడం గురించి, కానీ సూత్రం ఇక్కడా పలుకుతుంది.

ఆ తర్వాత ట్రిబ్యునల్. రిటైరైనవాళ్ళు తాము మామూలుగా నివసించే చోటి బెంచిలో వేసుకోవచ్చు. ఆంధ్రా చెన్నై బెంచి కిందే వస్తుంది కాబట్టి నాన్నగారు గిద్దలూరులో ఉన్నా, మీ ఇంటికి వచ్చి ఉన్నా ఇక్కడే. అసలు దరఖాస్తుతో పాటు ఆలస్యం మాఫీకి ఇంకో దరఖాస్తు జోడించాలి. బెంచిలో ఇద్దరు కూర్చుంటారు, ఒకరు జడ్జిగా చేసినవారు, ఇంకొకరు సైన్యంలో పెద్ద ర్యాంకులో చేసినవారు. ఆ రెండో ఆయనకు బోర్డు కాగితాలు ఎలా తయారవుతాయో బాగా తెలుసు, ఆ ‘రాజౌరి - సికింద్రాబాద్’ లాంటి తేడా ఆయన కంట్లో వెంటనే పడుతుంది. నాన్నగారు ప్రతి వాయిదాకూ రానక్కర్లేదు. వకీలును పెట్టుకోండి, కానీ ‘వచ్చినదాంట్లో పాతిక శాతం’ అనేవాళ్ళ జోలికి పోవద్దు. ఫలితాన్ని బట్టి ఫీజు మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నిబంధనలకే విరుద్ధం. ఇంత ఫీజు అని ముందే కాగితం మీద రాయించుకోండి.

హైకోర్టు అన్నవాళ్ళు పూర్తిగా తప్పు చెప్పలేదు. ట్రిబ్యునల్ ఆర్డరు మీద హైకోర్టుకు వెళ్ళకూడదని 2015లో ఒక తీర్పు వచ్చింది. 2023 మార్చిలో పరషోత్తమ్ దాస్ కేసులో సుప్రీంకోర్టు ఆ తలుపు మళ్ళీ తెరిచింది. అది ట్రిబ్యునల్ తర్వాతి మెట్టు. ఇప్పుడే రిట్ వేస్తే ముందు ట్రిబ్యునల్‌కు వెళ్ళమని పంపేస్తారు. ఆ తలుపు ప్రభుత్వానికీ తెరుచుకుందన్నది గుర్తుంచుకోండి, గెలిచిన ఆర్డర్ల మీద వాళ్ళూ హైకోర్టుకు వెళ్తున్నారు. ఇన్ని తీర్పులొచ్చాక కూడా జవాన్ల మీద ప్రభుత్వం అప్పీళ్ళు వేయడం సిగ్గుచేటని నాకనిపిస్తుంది. 2015లో మనోహర్ పరికర్ రక్షణ మంత్రిగా ఉండగా ఈ కేసులు తగ్గించడానికే నిపుణుల కమిటీ వేశారు, అయినా లైను తగ్గలేదు.

ఇవన్నీ చదివి ప్రతి కేసూ గెలుస్తుందనుకోవద్దు. 2019లో నర్సింగ్ యాదవ్ కేసులో స్కిజోఫ్రేనియాను చేరేటప్పుడు రాయలేదు కాబట్టి సర్వీసు వల్లే అని యాంత్రికంగా అనలేమని సుప్రీంకోర్టు కొట్టేసింది. అదే జబ్బు మీద 2025 మేలో రాజుమోన్ కేసులో జవాను పక్షాన వచ్చింది. అక్కడ తేడా చేసింది బోర్డు కారణాలు రాయకపోవడమే. సెలవులో సొంత పని మీద పోతూ పడిన ప్రమాదాలకూ కష్టమే, 2011 నాటి జుఝార్ సింగ్ తీర్పు అడ్డం నిలబడుతుంది. 2023 సెప్టెంబరు 21 తర్వాత దిగినవాళ్ళకు కొత్త నిబంధనలు వచ్చాయి, వాళ్ళు ఈ జవాబును ఉన్నదున్నట్టు వాడుకోవద్దు.

గెలిచాక కూడా పని ఉంటుంది. ఆర్డరులో ఇన్ని నెలల్లో అమలు చేయాలని గడువు ఇస్తారు. గడువు దాటితే అదే బెంచిలో అమలు కోసం దరఖాస్తు వేయాలి. కొత్త పీపీఓ (పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు) ప్రయాగ్‌రాజ్ పెన్షన్ ఆఫీసు నుంచి స్పర్శ్‌లో (రక్షణ శాఖ పెన్షన్ల వెబ్‌సైటు) వస్తుంది. దానిమీద ‘పై అప్పీలుకు లోబడి’ అని ఉంటే కంగారుపడొద్దు, డబ్బు మాత్రం పడుతుంది. స్పర్శ్‌లో నాన్నగారి ఫోన్ నంబరు, బ్యాంకు ఖాతా సరిగ్గా ఉన్నాయో లేదో ఇప్పుడే చూసి పెట్టండి.

బోర్డు కాగితం చేతికి రాగానే ఆ కారణం గడిలో ఉన్నది ఉన్నట్టు ఇక్కడ టైపు చేయండి, 2009 నాటి ఏఎఫ్ఎంఎస్ఎఫ్-15లో స్థలం గడి కూడా. ఆర్మీ నంబరు, పేరు తీసేసి పెట్టండి. దాన్నిబట్టి అప్పీలు మొదటి పేరా ఎలా మొదలుపెట్టాలో చెప్తాను.